ఎనిమిది బొమ్మల రీలు

మా ఇంటి గొర్రెలకు ఎడమ చెవి కొస రెండుగా చీలి ఉంటుంది. చీలికకు కిందుగా ఒక గంటు. పిల్లగా ఉన్నప్పుడే కాపరి కత్తెరతో కోసేవాడు, గాయానికి పసుపు అద్దేది నేను. చుట్టుపక్కల ఏ సంతలో కనబడినా ఆ చెవి చూసి ఇది ఫలానా ఇంటి గొర్రె అని చెప్పేవాళ్ళు. మందలో ఒకటి రోగమొచ్చి చచ్చినా, తోడేలో మరొకటో పట్టుకుపోయినా, కాపరి దాని చెవి కోసి తెచ్చి ఇంటి పెద్దకు చూపించాలి. చెవి తెస్తే గొర్రె చచ్చినట్టు. తేకపోతే కాపరి అమ్ముకున్నట్టు. మా మామగారి తండ్రి కాలం నుంచి వస్తున్న కట్టుబాటు అది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఈ సంగతి చెప్పినప్పుడు మంచి పద్ధతే అనుకున్నాను.

అణాలు పోయి నయా పైసలు వచ్చిన రోజులు. మా ఊరు గుడిబండెకు మూడు మైళ్ళు. ఊరి వెనక అంతా గుండ్లే. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టు ఉంటాయి. వాటి మధ్య సందులు, సందుల్లో తంగేడు, సీతాఫలం పొదలు. ఆ గుండ్ల కింద మా మెట్టచేను. వేరుశనగ పీకేసినాక ఎరువు కోసం రాత్రిపూట మందను ఆ చేలోనే నిలిపేవాళ్ళం. చుట్టూ ముండ్లకంప. కంప పక్కనే కాపరి కంబళి కప్పుకుని పడుకునేవాడు.

ఆయన మా ఇంట్లో తొమ్మిదేండ్లుగా పని చేస్తుండినాడు. పొద్దున అంబలి తాగడానికి వచ్చి, తాగినాక గిన్నె తానే కడిగి అరుగు మీద బోర్లించి పోయేవాడు. మాట తక్కువ. ఏడాదికింత రాగులు, ఒక కంబళి, అప్పుడప్పుడు ఒక గొర్రెపిల్ల ఆయన కూలి. అట్లా వచ్చిన పిల్లలు పెరిగి మా మందలోనే ఆయనవి ఏడు గొర్రెలు ఉండేవి. ఆ ఏడే ఆయన ఆస్తి.

ఆ ఏడాది రెండు నెలల్లో మా గొర్రెలు మూడు పోయినాయి. మూడింటికీ చెవి రాలేదు.

"చిరుత అమ్మా," అన్నాడు నాతో, గిన్నె కడుగుతూ. "కంప మీంచి ఎత్తుకుని గుండ్లల్లోకి పోతాండాది. యాడికి పోతాదో దొరకదు. చెవి యాడ తెచ్చేది?"

"మా బావకు చెప్పు," అన్నాను నేను.

బావగారు మా ఇంటాయనకు అన్న, ఇంటికి పెద్ద. చెడ్డవాడు కాదు. కానీ తండ్రి చేసినట్టు చేయడమే పని అనుకునే మనిషి. "ఈ కొండలో చిరుత యాడుండాదిరా," అన్నాడు కాపరితో. "ఉన్న ఒక్కదాన్నీ మా నాయన కాలంలోనే కొట్టేసినారు. నీవు గాక ఇంకెవరన్నా చూసినారా దాన్ని?"

చూసినవాళ్ళు లేరు. చేను గట్టిబండ నేల, అడుగు గుర్తు పడదు. ఇంకొక గొర్రె పోయి చెవి రాకపోతే పంచాయితీ పెట్టి, వాడి ఏడు గొర్రెలూ పట్టుకుని పంపించేస్తానని బావగారు మా ఇంటాయనతో చెప్పడం నేను విన్నాను. మా ఇంటాయన సరే అన్నాడు. అన్నకు సరే తప్ప ఇంకో మాట ఆయన నోట రాలేదు, చనిపోయేదాకా.

ఈ మాట మా మరిదికి చెప్పినాను. ముగ్గురు అన్నదమ్ముల్లో చిన్నవాడు. మా అత్త పోయేటప్పటికి ఏడేండ్లవాడు, నా చేతి సంగటి తిని పెరిగినాడు. చింతామణిలో ఒక ఫోటో స్టూడియోలో మూడేండ్లు పని చేసి, అక్కడ పొసగక ఇంటికి వచ్చేసినాడు. వచ్చేటప్పుడు ఒక నల్ల డబ్బా కెమెరా, నాలుగు బల్బులు తెచ్చుకున్నాడు. పెండ్లిళ్ళలో ఫోటోలు తీస్తానని చెప్పేవాడు గానీ మా పక్క పెండ్లిళ్ళకు ఫోటో తీయించేవాళ్ళు యాడుండారు.

"వదినా, చిరుత ఉంటే దానితోనే ఫోటో తీయిస్తాను," అన్నాడు.

"నీవు పోయి కూర్చుంటావా దాని ముందర?"

"నేనెందుకు? దారం కడతాను. అదే వచ్చి తగులుకుంటాది, అదే తీసుకుంటాది."

నాకు నవ్వొచ్చింది. కానీ వాడు నేల మీద బొగ్గుతో గీసి చెప్పినాడు. ఆ బల్బులు మామూలువి కావు, ఒక్కసారే వెలుగుతాయి. వెలిగితే పిడుగు పడ్డంత వెలుతురు, అంతే, ఆ బల్బు పని అయిపోతుంది. అమావాస్య దగ్గరి చీకటి రాత్రుల్లో కెమెరా కన్ను తెరిచి పెట్టేస్తే చీకట్లో రీలు మీద ఏమీ పడదంట. బల్బు వెలిగిన రెప్పపాటులో ఎదురుగా ఏముంటే అది పడుతుందంట. తెల్లారకముందే పోయి కన్ను మూసేయాలి. బల్బు వెలగకపోతే మరుసటి రాత్రి మళ్ళీ అదే బొమ్మ మీద కాచుకోవచ్చు.

"చెవికి బదులు ఫోటో చూపిస్తాం," అన్నాడు. "అన్న ఏమంటాడో చూస్తాం."

రీలు కొనడానికి వాడి దగ్గర ఏమీ లేదు. ఇంట్లో నెయ్యి, గుడ్లు అమ్మిన డబ్బు మాత్రం నా చేతిలో ఉండేది. దాంతోనే ఉప్పు, దారం, పిల్ల గుడ్డలు గడవాలి. రెండు దినాలు ఆలోచించి ఇచ్చినాను. కాపరి మీద జాలితో ఇచ్చినానని రాయలేను. సగం అది. మిగతా సగం, నా కూతురికి ఒక ఫోటో తీయించాలని. దానికి అప్పుడు మూడో ఏడు, పుట్టెంట్రుకలు తీయించాల్సి ఉండింది. నాకు ఫోటో లేదు, మా అమ్మకు లేదు. మా అమ్మ మొహం ఎట్లుండేదో చెప్పుకోవడానికి మా పుట్టింట్లో ఒక గీత కూడా లేదు. "రీలులో ఎన్ని బొమ్మలు?" అని అడిగితే ఎనిమిది అన్నాడు. చిరుతకు ఎన్ని పోయినా కొన్ని మిగులుతాయి అనుకున్నాను.

పని మొదలుపెట్టినాము. కిరసనాయిలు డబ్బా ఒకటి అడ్డంగా పడుకోబెట్టి, ముందు వైపు కోసి, అందులో కెమెరా పెట్టాలన్నాడు, మంచు పడకుండా. ఆ వాసనకు కుక్క కూడా రాదని నేనే చెప్పినాను. బూడిద, చింతపండు పెట్టి నాలుగుసార్లు తోమినాను. తరువాత నా సత్తు గిన్నె అడిగినాడు, వెలుతురు ముందుకు కొట్టేదానికి. ఏదో ఆనించి ఇస్తాడని ఇచ్చినాను. చూస్తే అడుగున బల్బు పట్టేంత బొక్క కొట్టినాడు.

"దీంట్లో ఇంక పాలు కాచేదెట్లా?" అన్నాను.

"వదినా, చిరుత పడితే నీకు కొత్త గిన్నె కొనిస్తాను."

"చిరుత కొనిస్తాదేమో అడుగు."

బల్బు వెలిగే కిటుకు మాత్రం తెలివైనదే. టార్చి సెల్లులు మూడు, వాటి నుంచి రెండు ఇత్తడి రేకులు. రేకులు ఒకదానికొకటి తగిలితే బల్బు వెలుగుతుంది. తగలకుండా మధ్యలో ఒక ఈతాకు ముక్క. ఆ ముక్కకు దారం. దారం లాగితే ఆకు జారిపోతుంది, రేకులు తగులుకుంటాయి. నూలు దారం మంచుకు నాని బిగుసుకుని దానంతట అదే లాగేస్తుందని వాడు తల పట్టుకున్నాడు. నేను దిబ్బూరహళ్ళిలో మా పుట్టింటికి మనిషిని పంపి పట్టుగూళ్ళ దగ్గర పారేసే చిక్కుపోగు తెప్పించినాను. చిక్కు తీసి మూడు పోగులు పేనినాను. మెరవకుండా బొగ్గుపొడి రాసినాను. చేతిలో పట్టుకుంటే ఉన్నట్టే తెలియదు, లాగితే తెగదు. ఆ మొత్తం పనిలో నాకు బాగా కుదిరింది అదొక్కటే.

మంద వెనక రెండు గుండ్ల మధ్య మనిషి దూరేంత సందు ఉంది. చిరుత ఆ దోవనే పోతుందని కాపరి చెప్పినాడు. అక్కడ మోకాలి ఎత్తున దారం కట్టి, ఎదురుగా రాళ్ళ మధ్య డబ్బా పెట్టి, పైన తంగేడు కొమ్మలు కప్పినారు. అంతా అయినాక రీలు సరిగ్గా తిరుగుతోందో లేదో చూడాలన్నాడు మరిది. కాపరిని పట్టుకుని, "అట్లే నిలబడప్పా, కర్ర పట్టుకో," అని పగటి వెలుతురులో ఒక ఫోటో తీసేసినాడు.

"ఒక బొమ్మ పోగొట్టినావు," అన్నాను.

"చూసుకోవాలి కద వదినా."

"చూసుకునేదానికి గోడ లేదా? కాపరికి ఫోటో ఏమిటికి?"

కాపరి నవ్వినాడు. "నిజమే అమ్మా, నాకేమిటికి," అన్నాడు. కంబళి భుజం మీద సర్దుకుని గొర్రెల దగ్గరికి పోయినాడు. ఆయన నవ్వింది అదొక్కసారే గుర్తు.

మొదటి రెండు రాత్రులు ఏమీ లేదు. మూడో నాటి పొద్దున చూస్తే బల్బు కాలిపోయింది, దారం వదులుగా వేలాడుతోంది. మాకు సంతోషం పట్టలేదు. కానీ దారానికి ఎర్రటి వెంట్రుకలు నాలుగు అంటుకుని ఉండినాయి, మా ఇంటి కుక్క రంగే. అది పొయ్యి పక్కన పడుకుని మా మొహాలు చూస్తోంది. రెండో బల్బు గాలికి ముండ్లకొమ్మ ఒకటి వచ్చి దారం మీద పడి పోయింది. మూడోది ఎందుకు వెలిగిందో తెలియనే లేదు, దారం అట్లనే ఉంది, ఆకుముక్క మాత్రం కింద పడి ఉంది. కాలిపోయిన బల్బు గాజు లోపల తెల్లగా, బొబ్బలు పోసినట్టు అయ్యేది. పారేయడానికి నాకు చేయి రాక మూడూ తీసి గుడ్డలో కట్టి పెట్టినాను.

ఇంక ఒక్క బల్బు. రీలులో నాలుగు బొమ్మలు అయిపోయినాయి. మరిది తిండి మానేసినాడు. కాపరి రోజూ అంబలికి వచ్చి, "అప్పా, ఏమన్నా పడిందా నీ డబ్బాలో?" అని అడిగేవాడు. లేదంటే తల ఊపి పోయేవాడు. తన ఏడు గొర్రెల సంగతి బావగారు అన్న మాట ఆయన చెవిన పడిందని నాకు తెలుసు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేను ఎత్తలేదు.

అమావాస్య పోయిన మరుసటి పొద్దున అరుపులు వినబడి పోయినాను. ఇంకొక గొర్రె పోయింది. కంప ఒక పక్క అణిగి ఉంది. సందులో దారం తెగి, కొస రాతికి చుట్టుకుని ఉంది. నాలుగో బల్బు కాలిపోయింది. బండ మీద నాలుగు చుక్కల నెత్తురు.

"మెరుపు మెరిసినట్టయింది అమ్మా," అన్నాడు కాపరి. "లేచి అరిస్తిని. కండ్లు గుడ్డి అయినట్టయి ఏమీ కనబడలేదు. గుండ్ల మీద రాయి జారిన చప్పుడు మాత్రం వింటిని."

మరిది అప్పటికే కెమెరా కన్ను మూసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పడింది వదినా. ఈ సారి పడింది."

బావగారు వచ్చినాడు. సందు చూసినాడు, దారం చూసినాడు, నెత్తురు చూసినాడు. "మనిషి గొర్రెను ఎత్తుకుని పోయినా దారం తెగుతాది. కోసినా నెత్తురు కారుతాది. చెవి యాడ?" అన్నాడు.

కాపరి గుండ్లు ఎక్కినాడు. ఆ పగలంతా నేను కళ్ళంలో పని చేస్తూ తలెత్తి చూసినప్పుడల్లా ఆయన ఏదో ఒక గుండు మీద కనబడేవాడు, వంగి సందుల్లో చేతులు పెట్టి వెదుకుతూ. ఎండ నెత్తి మీదికి వచ్చింది, దిగిపోయింది. మరుసటి దినమూ అంతే. చెవి దొరకలేదు.

మొదటి నాటి సాయంత్రమే మరిది వంటింట్లోకి వచ్చినాడు. "వదినా, రేపు పొద్దున బస్సుకు చింతామణికి పోతాను. రీలు కడిగించుకుని సాయంత్రానికి వచ్చేస్తాను. ఎల్లుండి పంచాయితీ అంటున్నాడు అన్న."

"రీలులో ఇంకా ఎన్ని ఉండాయి?"

"మూడు."

"మూడు బొమ్మలు ఉంటే ఇప్పుడే కడిగించేదేమి?"

"మూడూ ఏదో ఒకటి తీసేస్తాను. గోడకు తీస్తాను. నిన్ను తీస్తాను, పొయ్యి ముందర."

"పొయ్యి ముందర, ఈ చీరలోనా?" అన్నాను. "వచ్చే నెల పిల్లకు పుట్టెంట్రుకలు. అందరూ వస్తారు. అప్పుడు మూడూ తీసి, ఒక్కసారే కడిగించు. ఎనిమిది బొమ్మలకు డబ్బిచ్చి ఐదు కడిగించుకుంటారా ఎవరన్నా?"

"వదినా, పాపం, ఆ మనిషి..."

"నెల రోజుల్లో రీలు యాడికీ పోదు. అందులో ఉండేది అందులోనే ఉంటాది. నెల తరువాత చూపిస్తే మీ అన్న నమ్మడా?"

బస్సు ఛార్జీ, కడిగే కూలి నా దగ్గరే ఉంది. వాడు నన్ను దాటి పోయేవాడు కాదు. ఇంకొక మాట కూడా రాయాలి. ఆ సాయంత్రం నాకు కాపరి మీద అనుమానం పూర్తిగా పోలేదు. తొమ్మిదేండ్లు నా అంబలి తాగినవాడు, అయినా ఏమో అని ఒక మూల ఉండింది. రీలులో ఆయన మొహమే పడి ఉంటే అని కూడా అనిపించింది. ఏది పడినా నెల తరువాత చూడవచ్చులే అనుకున్నాను. రీలు నిండనిదే కడిగించకూడదని నాకు ఎవరూ నేర్పలేదు. సగం నిండిన ఏ వస్తువునూ నేను తెరిచేదాన్ని కాను, అంతే. అట్లా బతికినందుకే ఆ ఇల్లు నిలబడిందని నా నమ్మకం.

పంచాయితీ మా చావడి ముందరే జరిగింది. ఆడవాళ్ళం తలుపు వెనక నిలబడినాము. ఊరి పెద్దలు ఐదుగురు. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. బావగారు నాలుగు గొర్రెలు పోయిన సంగతి చెప్పి, "చెవి యాడరా?" అని అడిగినాడు.

"లేదప్పా," అన్నాడు కాపరి. మోకాళ్ళు తోలు లేచిపోయి ఉన్నాయి, చేతులనిండా ముండ్ల గీతలు.

"కట్టుబాటు నీకు తెలుసా, తెలియదా?"

"తెలుసప్పా."

అప్పుడు కాపరి మా మరిది వైపు తిరిగినాడు. "అప్పా, నీ డబ్బా ఏమన్నా చెప్తాదేమో చూడరాదా?"

మరిది తలుపు వైపు చూసినాడు. నేను నిలబడిన తలుపు. నేను ఒక మాట అంటే చాలు. రెండు దినాలు ఆగండి, రీలు కడిగించి తెస్తాడు అని. అంతే మాట. కానీ పంచాయితీలో ఆడది నోరెత్తడం ఆ చావడి ముందర ఎప్పుడూ జరగలేదు. బావగారి ఎదుట నేను తల ఎత్తి మాట్లాడింది లేదు. అదొక్కటే కాదు. మాట్లాడితే, రీలు ఇన్ని దినాలు ఎందుకు కడిగించలేదని అడుగుతారు. నేనే వద్దన్నానని చెప్పాల్సి వస్తుంది. తలుపు చెక్క పట్టుకుని అట్లే నిలబడినాను.

"డబ్బా సంగతి పిల్లల ఆటలు," అన్నాడు బావగారు.

ఏడు గొర్రెలూ ఇంటికి పట్టుకున్నారు. ఆయన కర్ర, కంబళి తీసుకున్నాడు. పోయే ముందు అరుగు దగ్గరికి వచ్చి, అంబలి గిన్నె తీసి చూసి, కడిగే ఉంది కాబట్టి, మళ్ళీ బోర్లించి పోయినాడు.

ఆ రాత్రి ఉన్న డబ్బు తీసి లెక్కపెట్టినాను. పొద్దున్నే డబ్బు కొంగులో కట్టుకుని మరిది దగ్గరికి పోయినాను. "పోయి కడిగించుకుని రా," అన్నాను.

వాడు నా మొహం చూడలేదు. "ఇప్పుడెందుకు వదినా? ఇంకా మూడు మిగిలినాయి కదా."

"అవి పోతే పోనీ."

"పుట్టెంట్రుకలప్పుడు తీస్తాను. నీవే చెప్తివి కదా, రీలు యాడికీ పోదని."

మూడు దినాలు అడిగినాను, అదే మాట. నేను పెంచినవాడు, నా మొండితనమే వాడికి వచ్చింది. కెమెరా తీసి అటక మీద పెట్టేసినాడు. నాకు దాన్ని ఎట్లా తెరవాలో కూడా తెలియదు. తెరిస్తే లోపల ఉన్నదంతా చెడిపోతుందని మాత్రం తెలుసు. ఇల్లు ఊడ్చేటప్పుడు అటక కిందికి పోతే తల ఎత్తకుండా ఊడ్చేదాన్ని.

ఆ నెలలోనే కొత్త కాపరి చేతిలో ఇంకొక గొర్రె పోయింది. కానీ వాడికి అదృష్టం, కంప దగ్గరే తల దొరికింది, చెవి కోసి తెచ్చినాడు. బావగారు చెవి చూసి, చీలిక, గంటు వేలితో తడిమి, సరే అన్నాడు. ఏది చంపిందని ఎవరూ అడగలేదు. చెవి వచ్చింది కాబట్టి అడగాల్సిన పని లేదు.

పుట్టెంట్రుకలు అయినాయి. మరిది మూడు ఫోటోలు తీసినాడు. చింతామణికి పోయి, రెండు దినాలు ఉండి, కాగితంలో చుట్టుకుని తెచ్చినాడు. నా చేతికి ఇవ్వకుండా చావడిలో బావగారి ముందర పరిచినాడు. నేను ఈ సారి తలుపు దాటి పోయి నిలబడినాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఒకదాంట్లో మా కుక్క, కండ్లు మెరుస్తూ. ఒకదాంట్లో ముండ్లకొమ్మ. ఒకదాంట్లో ఏమీ లేదు, రాయి. నాలుగో బల్బుది పక్కకు తీసి పెట్టినాడు.

చిరుత. మొహం మా వైపే ఉంది. వెలుతురుకు దాని కండ్లు రెండు తెల్ల రూపాయల్లాగా ఉన్నాయి. గొర్రె మెడ దాని నోట్లో ఉంది, గొర్రె తల పక్కకు వాలి వేలాడుతోంది. ఎడమ చెవి ముందుకు పడి ఉంది. కొస రెండుగా చీలి ఉంది, కింద గంటు ఉంది. నేను పసుపు అద్దిన చెవి. చేత్తో పట్టుకుని చూపించినట్టు అంత బాగా పడింది.

బావగారు ఫోటోను వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసినాడు. చెవి మీద వేలు పెట్టి తడిమినాడు. కాగితం నున్నగా ఉంది, వేలికి ఏమీ తగల్లేదు.

"ఇది ఏనాటిది?" అన్నాడు.

"అమావాస్య రాత్రిది," అన్నాడు మరిది.

బావగారు ఫోటో కింద పెట్టినాడు. "వాని గొర్రెలు వానికి తోలేయండి," అని లేచి లోపలికి పోయినాడు. ఎందుకు ఆలస్యమైందని అడుగుతాడని కాచుకుని ఉండినాను. ఆనాడే కాదు, ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మరునాడు మా ఇంటాయన ఏడు గొర్రెలు తోలుకుని ముందు నడిచినాడు, వెనక నేను. కాపరి ఊరు బాగేపల్లి దోవలో నాలుగు మైళ్ళు. ఆయన పెండ్లాం గుడిసె ముందర రాగులు విసురుతోంది. నన్ను చూసి తిరగలి ఆపింది, లేవలేదు.

"మీ ఆయన యాడమ్మా?"

"కాఫీ తోటలకు పోయినాడు. మేస్త్రీ ఎవరో వచ్చింటే వాని ఎనక పోయినాడు."

"ఏ తోటకు?"

"నాకేం తెలుసు. కొండలెక్కి పోవల్ల, దూరం అంట."

నేను ఫోటో తీసి ఇచ్చినాను. ఆమె చేతుల పిండి కొంగుకు తుడుచుకుని పట్టుకుంది. తలకిందులుగా పట్టుకుంటే నేను సరిగ్గా తిప్పినాను.

"ఇది చిరుత. దాని నోట్లో మా గొర్రె. ఇదిగో చెవి."

ఆమె చిరుతను చూసింది, చెవిని చూసింది. తరువాత ఫోటో నాలుగు మూలలూ వెదికింది. "ఇందులో ఆయన యాడుండాడు?"

"ఇందులో లేడమ్మా."

"ఈ చెవి కోసరమేనా రెండు దినాలు తిరిగింది? మోకాళ్ళకు పసరు పోస్తిని నేను." మళ్ళీ చూసింది. "ఎప్పుడు పడింది ఇది?"

"ఆ అమావాస్యకే."

"పంచాయితీకి ముందరా, తరువాతా?"

దోవ పొడుగునా నేను ఏమేమో మాటలు కూర్చుకున్నాను. ఈ ఒక్క మాట అడుగుతుందని అనుకోలేదు.

"ముందరే," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే జవాబు చెప్పుకునేదాన్ని. రీలు నిండలేదని చెప్పేదాన్నేమో. తిరగలి పట్టుకుని రెండు చుట్లు విసిరింది, రాగులు వేయకుండానే. రాళ్ళు ఒట్టిగా ఒరుసుకున్నాయి.

కాగితం చుట్టలో ఇంకొకటి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. మొదటి బొమ్మ. గుండ్ల సందు ముందర కర్ర పట్టుకుని, కంబళి భుజం మీద వేసుకుని నిలబడిన కాపరి. తీసి ఇచ్చినాను. ఆమె దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"నేను కుట్టిన అతుకు కనబడతాండాది," అంది, కంబళి అంచు మీద గోరు పెట్టి. "ఈ డొక్క పక్కన. నల్లదారం లేకుంటే తెల్లదారంతో కుడితిని."

లేచి లోపలికి పోయి దాన్ని చూరులో ఎక్కడో దోపి వచ్చింది. చిరుత ఫోటో ఇంకా ఆమె రెండో చేతిలోనే ఉంది. నాకు తిరిగి ఇచ్చింది.

"ఇది మీరే పెట్టుకోండమ్మా."

బయట మా ఇంటాయన గొర్రెలు ఏడూ సరిగ్గా ఉన్నాయా చూసుకోమని ఎవరితో చెబుతున్నాడో చెబుతున్నాడు. ఆమె రాగులు ఒక పిడికెడు తిరగలిలో వేసుకుంది.

మరుసటి ఏడు ఎండకాలానికి ఆమె గొర్రెలు అమ్మేసి పిల్లలతో ఎటో పోయిందని విన్నాను. కాఫీ తోటల నుంచి తిరిగి వచ్చినవాళ్ళు బాగేపల్లి సంతలో కనబడితే ఆయన గురించి అడిగేదాన్ని. ఎత్తుగా, మాట తక్కువ, మోకాళ్ళ మీద మచ్చలు అని చెప్పేదాన్ని. అట్లాంటివాళ్ళు చాలామంది ఉన్నారమ్మా అనేవాళ్ళు.

చిరుత ఫోటో నా ట్రంకు పెట్టెలో ఉంది, కాలిన బల్బులు నాలుగూ దాని పక్కనే. పుట్టెంట్రుకలవి మూడు తీస్తే ఒకటే వచ్చింది. ఒకదాంట్లో పిల్ల కదిలింది, ఒకదాంట్లో ఎండ ఎదురుగా పడి అందరూ నల్లగా ఉన్నారు. వచ్చిన దాంట్లో నా ఒళ్ళో పిల్ల గుండుతో ఏడుస్తోంది. దాని మొహం బాగానే తెలుస్తుంది.